గుడిసె ఓపెనింగ్

చందానగర్,
12 జులై 1998

ప్రియమైన ప్రవళికకు,

మీరు జీడిమెట్ల వెళ్ళి నెల దాటింది. మా పక్క బిల్డింగు పూర్తయింది. మీ వాచ్‌మన్ గది ఉన్న చోట ఇప్పుడు కార్లు పెట్టుకోవడానికి తెల్లగీతలు గీశారు. నువ్వు బొగ్గుతో గడులు గీసి, మనం రెండేళ్ళు ఆడుకున్న ఆ బండమీద సున్నం డబ్బాలు పెట్టారు. నేను వెళ్ళి ఒక డబ్బా పక్కకు జరిపి చూశాను. మూడు గడులు ఇంకా కనిపిస్తున్నాయి.

ఈ వారం నాకొక కొత్త మాట దొరికింది. నిస్త్రాణ. ఒంట్లో ఓపిక అంతా ఇంకిపోవడం అన్నమాట. పలికి చూడు, పలికే లోపలే సగం అలసిపోతాం! మా నాన్నగారు ప్రభుత్వాఫీసు వదిలి కంప్యూటరు కంపెనీలో చేరిన దగ్గర్నుంచీ సాయంత్రం బస్సు దిగి వచ్చే తీరుకు ఈ మాట అచ్చంగా సరిపోతుంది. వాళ్ళ కంపెనీని హైటెక్ సిటీలో కడుతున్న కొత్త భవనంలోకి మారుస్తారట. దూరం తగ్గుతుందని అమ్మ సంతోషం. దూరం తగ్గితే పని పెరుగుతుందని నాన్నగారు.

అసలు సంగతి. దసరా సెలవుల్లో రంగారెడ్డి జిల్లా చదరంగం జట్టు ఎంపిక పోటీలు, పదహారేళ్ళలోపు ఆడపిల్లలకి. అక్టోబరు రెండు, మూడు, నాలుగు తేదీల్లో మూసాపేటలో ఒక స్కూలు హాల్లో జరుగుతాయి. జీడిమెట్ల కూడా మన జిల్లాయే కాబట్టి నువ్వూ ఆడొచ్చు. నాకు మాత్రం ఇది చావోరేవో. పదో తరగతి కదా, జట్టులో పేరొస్తే ఆడుకో, లేకపోతే బోర్డు అటకమీదికి అని నాన్నగారు తేల్చి చెప్పేశారు. ఆయన కోపంగా చెప్పలేదు. కళ్ళు మూసుకుని, కుర్చీలో వెనక్కి వాలి చెప్పారు. అందుకే బతిమాలడానికి కూడా మనసొప్పలేదు.

మీ బాపు నేర్పిన ఆటకీ పోటీ ఆటకీ తేడాలున్నాయి. రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. బంటు మొదటిసారి కావాలంటే రెండు గడులు పోవచ్చు. అలా రెండు గడులు వచ్చి నీ బంటు పక్కన నిలబడితే, ఒక్క గడే వచ్చినట్టు లెక్కేసి వెంటనే తినొచ్చు. బంటు ఏ నిలువులో చివరికి చేరినా మంత్రిని తెచ్చుకోవచ్చు. రాజూ ఏనుగూ కదలకుండా ఉంటే కోట కట్టుకోవచ్చు, అది నీకు ఒకసారి చూపించాను. గడియారం నొక్కాలి. ప్రతి ఎత్తూ కాగితం మీద రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ముట్టుకున్న పావును ఆడాల్సిందే. పొరపాటున ముట్టుకున్నా సరే.

వస్తావు కదూ?

నీ
రసజ్ఞ


జీడిమెట్ల,
యాదమ్మ కిరాణం పక్క గల్లీ
30 జులై 98

రసజ్ఞా,

నీ ఉత్తరం యాదమ్మ దుకాణంల ఇచ్చిపోయిండు పోస్టాయన. ఆమె తెరిసి సదివి నాకిచ్చింది. "ఎవలే ఈ పిల్ల, పంతులమ్మ లెక్క రాసింది" అన్నది. నీ కొత్త మాట ఆమెకు నచ్చింది. పొద్దటి సంది నిస్త్రాణ నిస్త్రాణ అని ఒకటే నవ్వుడు. మాకు గంత పెద్ద మాటెందుకే, యాష్ట అంటే అయిపోతది. పానం యాష్టయితాంది. సూడు, రెండు అక్షరాలే.

ఇక్కడ నల్లా లేదు. తెల్లారకముందే ట్యాంకర్ వస్తది. పది బిందెలు పట్టుడు, గోదాం మెట్లు ఎక్కుడు. అమ్మకు మోకాళ్ళు నొస్తున్నయి గదా, అన్నీ నేనే. బడికి పోయి కూసుంటే కండ్లు వాటంతట అవే మూతవడ్తయి. లెక్కల సార్ సుద్దముక్క విసిరిండు నిన్న. నేను నిద్రల్నే పట్టిన్నట. అందరు సప్పట్లు గొట్టిన్రు.

బాపు గోదాం గేటు కాడ పన్నెండు గంటల డ్యూటీ. లారీలు లేనప్పుడు ఆడుతం. ఈడ బండ లేదు, అట్టపెట్టె మీద గీసిన. పోయిన ఆదివారం నేనే గెలుస్తున్న అనుకున్న, నా మంత్రి ఆయన రాజును మూలకు తోసింది. ఏం జేసిండో ఎర్కేనా, రాజును గుర్రం లెక్క ఒక్క గంతు ఎగిరేసి బయటవడ్డడు. ఆటకొక్కసారే గదా ఆ గంతు, ఎక్కడ దాస్తడో ఎప్పుడు తీస్తడో నాకు ఇప్పటికీ సమజ్ గాదు. "రాజన్నంక ఒక్క గంతన్న ఉండాలె బిడ్డా" అంటడు.

పోటీకి వస్త. బాపు సరే అన్నడు. నువ్వు రాసిన రూల్స్ అన్నీ అట్ట మీద రాసి పెట్టుకున్న. ఇంకేమన్న తేడాలుంటే రాయి. ఆడికొచ్చినంక పరేషాన్ గావద్దు.

ప్రవళిక


చందానగర్,
16 ఆగస్టు 1998

ప్రియమైన ప్రవళికా,

నిన్న జెండా వందనం నాడు మా చెస్ మాస్టారు రంగనాథ్ గారికి మన గుడిసె చూపించాను. అదే, మీ బాపు ఆట మొదలుపెట్టే తీరు, ఓపెనింగు. బంట్లన్నీ ఒక్కొక్క గడి మాత్రమే జరిగి గోడలా నిలబడటం, శకట్లు రెండు మూలల్లోంచి కిటికీల్లా చూడటం (మీరు ఒంటెలంటారు), గుర్రాలు గోడ వెనక, రాజు లోపల వెచ్చగా. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎవరమ్మా నేర్పింది?"

"మా పక్కింటి వాచ్‌మన్ గారండి."

"బాగుంది. ఆయన ఉద్యోగం ఆయన చేశాడు, గేటు మూసి కూర్చున్నాడు. ఓపెనింగంటే ముందుకొచ్చి నడిబోర్డు పట్టుకోవాలమ్మా. ఇలా దాక్కుంటే ఊపిరాడక చస్తారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఎందుకు నవ్వానా అనిపించింది. ‘గుంపులో నవ్వడం’ అన్నదానికి తెలుగులో ఒక్క మాట ఉందేమో వెతికాను, దొరకలేదు.

ఇంకో సంగతి. జట్టులో నలుగురు. ముగ్గురి పేర్లు ఇప్పుడే అందరికీ తెలుసు, పోయినేడు రాష్ట్రానికి ఆడినవాళ్ళు, వాళ్ళను దాటడం కష్టం. అంటే ఖాళీ ఒక్కటే. ఈ సంగతి జులైలో నాకు తెలియదు. తెలిసినా నిన్ను రమ్మనేదాన్నే అనుకుంటాను.

తెల్లవారుజామున అయిదింటికి లెక్కల ట్యూషన్, సాయంత్రం సైన్సు, మధ్యలో బడి. నిన్న అన్నం తింటూ కంచం మీదికి వాలిపోయానట. నాన్నగారు అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి నా ఎదురుగా ఆయనా అలాగే కూర్చున్నారు. అమ్మ ఇద్దరినీ చూసి, "ఈ ఇంట్లో ఎవరైనా మెలకువగా ఉన్నారా అండీ?" అని అడిగింది.

రూల్స్ అడిగావు. ఇంకేమీ లేవు, అన్నీ రాసేశాను.

నీ
రసజ్ఞ


జీడిమెట్ల,
20 సెప్టెంబర్ 98

రసజ్ఞా,

ఆలస్యమయింది. అమ్మను దవాఖానకు తిప్పుడే సరిపోయింది.

మీ సార్ మాట బాపుకు చెప్పిన. కోపానికి వస్తడనుకున్న. ఆయనేమో బీడీ ఆర్పి, "మంచిగనే అన్నడు గదా బిడ్డా. గుడిసె కట్టుడు కాదు పని. అవతలోడు కొట్టీ కొట్టీ అలిసిపోయినంక తలుపు తీసుడు పని. ఆ సార్‌కు తలుపు కనవడలె" అన్నడు. నేను ఇగ అదే ఆడుత. రెండు గడులు పోయే బంటు నాకు వద్దు. బాపు ఆట బాపు లెక్కనే ఆడుత.

నాకు గెలిస్తే ఏం రాదు, ఓడితే ఏం పోదు. గనీ ఆ నవ్వినోళ్ళ ముంగట ఒక్కసారి గుడిసె గెలవాలె. గంతే.

రెండో తారీఖు ట్యాంకర్ అయినంక బస్ ఎక్కుత. నాకోసం గేటు కాడ నిలవడు. లోపల ఎవలు తెల్వదు నాకు.

ప్రవళిక


చందానగర్,
9 అక్టోబరు 1998

ప్రియమైన ప్రవళికా,

ఆరోజు చెప్పకుండా వచ్చేశాను. నాన్నగారు స్కూటరు మీద బయట ఎదురుచూస్తున్నారు, ఆదివారమైనా ఆయనకు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాలి. నిజం రాయాలంటే, ఆయన ఇంకో పావుగంట ఆగేవారే.

మన ఆట రాసిన కాగితం ముందు పెట్టుకుని నిన్న మళ్ళీ మొదట్నుంచి ఆడాను, రెండువైపులా నేనే. ఆఖరి రౌండులో మనిద్దరికే జోడీ పడుతుందని, అదీ సమానమైన పాయింట్లతో, గెలిచినవాళ్ళకే ఆ నాలుగో చోటని ఎవరనుకున్నారు? నేను మాస్టారు చెప్పినట్టే నడిబోర్డంతా ఆక్రమించాను. ఇరవై ఎత్తుల దాకా నీ గోడకు ఎక్కడా బీట కూడా పడలేదు. ఇరవై మూడో ఎత్తులో నువ్వు తలుపు తీశావు. ఆ మాట అప్పుడే గుర్తొచ్చింది నాకు. నా గుర్రం పోయింది. మాస్టారు నీ వెనక నిలబడి ఉన్నారు. ఆయన మొహంలో నవ్వు లేదు.

ముప్పై ఒకటో ఎత్తు. నేను ఏనుగును నీ రాజు ముందుకు తెచ్చి, తర్వాతి ఎత్తులో ఆటకట్టు అని బెదిరించాను. నీ మూల బంటు ఒక్క గడి జరిపితే ఆ బెదిరింపు అక్కడితో అయిపోయేది. నువ్వు రాజును ముట్టుకున్నావు. ఎత్తావు. గుర్రం నడకలో గాల్లోకి తెచ్చి, ఆగిపోయి, నా మొహంలోకి చూశావు.

నేను చెయ్యెత్తి, తీర్పు చెప్పే ఆర్బిటర్‌ను పిలిచాను. ముట్టుకున్నది ఆడాలి కదా. రాజుకు ఒక్కటే గడి మిగిలింది, అక్కడికి పోతే మూడెత్తుల్లో కట్టు. నువ్వు అక్కడికే ఆడి, గడియారం కూడా నొక్కావు.

జట్టులో నా పేరొచ్చింది. నాన్నగారు, "సరే, ఆడుకో" అన్నారు. అంతే అన్నారు. నేను ఊహించుకున్నంత పెద్దగా లేదు ఆ మాట.

బాగా అలసిపోయి ఉన్నట్టున్నావు ఆరోజు. ఆరోగ్యం ఎలా ఉంది?

నీ
రసజ్ఞ


జీడిమెట్ల,
28 అక్టోబర్ 98

రసజ్ఞా,

జట్టుల పేరొచ్చినందుకు సంతోషం. మంచిగ ఆడు.

నా పానం బాగనే ఉంది. ఆ పొద్దు ట్యాంకర్ ఆలస్యంగ వచ్చింది, బస్ దొరకలె, సగం దూరం నడిసిన. దాంతోని కండ్లు మసకలయినయి. చెయ్యి జారింది. గంతే.

బాపుకు రాజును ముట్టిన ముచ్చట చెప్పలె. టైమ్ అయిపోయి ఓడిన్నని చెప్పిన. "గుడిసె నిలవడ్డదా?" అని అడిగిండు. నిలవడ్డది అన్న. రెండు బీడీలు తాగిండు ఖుషీల.

రాజును ముట్టిన అని చెప్తే ఆయన గంతు మీద బదనాం వస్తది గదా.

ఇగ ఉంట.

ప్రవళిక


చందానగర్,
27 డిసెంబరు 1998

ప్రవళికా,

రాష్ట్ర పోటీలు అయిపోయాయి. ఏడు ఆటల్లో అయిదు ఓడిపోయాను. ఒకటి సమం. ఆఖరిది గెలిచాను.

ఆ ఆఖరిది ముందు రాస్తాను, మీ బాపుకు చదివి వినిపించు. ఎలాగూ పతకం లేదు, చివరి బల్లలకు పడిపోయాను, నల్లపావులు వచ్చాయి. గుడిసె కట్టాను. ఎదురుగా ఉన్న అమ్మాయి ముందు నవ్వింది, తర్వాత చిరాకుపడింది, ఆ తర్వాత ఆవులించింది. ఇరవై ఎనిమిదో ఎత్తులో తలుపు తీశాను. నలభైలో ఆమె ఓటమి ఒప్పుకుని చెయ్యి చాపింది. రంగనాథ్ మాస్టారు పక్కనే ఉన్నారు. కాగితం అడిగి తీసుకుని, మొదటి పన్నెండు ఎత్తులూ తన నోట్‌బుక్కులో ఎక్కించుకున్నారు. పైన ఏం పేరు పెట్టాలని అడిగితే మీ బాపు పేరుతో, మల్లయ్య గారి గుడిసె అని చెప్పాను. ఆయన అదే రాశారు. నేను చూశాను.

ఇక్కడినుంచి నీకు.

రాజు గంతు పోటీల్లో ఉండదు. అది నాకు ఆరో తరగతి నుంచీ తెలుసు. జులైలో రూల్స్ రాసేటప్పుడు నిజంగానే మర్చిపోయాను, బండమీద నీతో ఆడేటప్పుడు గంతు ఉండేది కదా, అది తేడా అని తోచలేదు. నీ జవాబులో మీ బాపు గంతు గురించి చదవగానే గుర్తొచ్చింది. ఇంకేమైనా ఉన్నాయా అని నువ్వు కిందే అడిగావు కూడా. ఇన్‌లాండ్ కవరు ముందు పెట్టుకుని ఆ వాక్యం రాయడానికి కూర్చున్నాను. అప్పటికి ఖాళీ ఒక్కటేనని తెలిసింది. ‘ఇంకేమీ లేవు’ అని రాశాను.

అంతటితో అయిపోలేదు. ముప్పై ఒకటో ఎత్తులో ఏనుగును అక్కడికి తేవడం మంచి ఎత్తు కాదు. మాస్టారు కూడా అన్నారు, అదేం ఎత్తమ్మా, ఒక్క బంటుతో పోతుంది కదా అని. నేను రెండేళ్ళు నీ ఎదురుగా కూర్చున్నాను. రాజును అలా మూలకు తోస్తే నీ చెయ్యి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఆ చేతి కోసమే ఆ ఎత్తు వేశాను.

నాన్నగారి ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. ఆదివారం తీసుకెళ్ళి చూపించారు. అంతా అద్దాలు. మమ్మల్ని మేమే చూసుకుంటూ నడిచాం, ఇద్దరం ఒకేలా వంగిపోయి ఉన్నాం. ఆయన, "గెలిచావు కదమ్మా, ఎందుకలా ఉన్నావు?" అన్నారు. చెప్పాలనుకున్నాను. ముందు నీకు చెప్పాలనిపించింది.

దీనికి సరిపోయే మాట కోసం నిఘంటువు తీశాను. తెరిచి, మళ్ళీ మూసేశాను.

రసజ్ఞ


జీడిమెట్ల,
21 ఫిబ్రవరి 99

రసజ్ఞా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలయితుంది. యాదమ్మ ఈసారి సదవలె, అంటించింది అంటించినట్టే ఇచ్చింది. మంచిదయింది.

మొదటి సగం బాపుకు సదివి వినిపించిన. మల్ల సదువు అన్నడు. మల్ల సదివిన. నోట్‌బుక్కుల నిజంగనే పేరెక్కించుకున్నడా ఆ సారు అని మూడుసార్లు అడిగిండు. తెల్లారి గేటు కాడ లారీ డ్రైవర్లకు చెప్పుకుంట కూసున్నడు. వాళ్ళకు చెస్ అంటే ఏందో తెల్వది. "నీ గుడిసెకు పట్టా వచ్చిందా మల్లన్నా?" అన్నడొకడు. అయినా చెప్తనే ఉన్నడు.

రెండో సగం ఆయనకు వినిపియ్యలె. మడిచి పెట్టిన.

నీకు ఒక ముచ్చట తెల్వది. రాజుకు గంతు లేదని నాకు పోటీల్నే తెల్సింది, రెండో ఆటల. ఒక చిన్న పిల్ల నా ఎదురుంగ. రాజును ఎగిరేసిన, తీర్పు చెప్పే సార్ వచ్చి ఆపిండు. గంతు లేదమ్మా, ముట్టినవ్ గాబట్టి రాజునే ఇంకోదిక్కు జరుపు అన్నడు. ఆడ మంచి గడి దొరికింది, బతికిన. అప్పుడనుకున్న, రసజ్ఞ మర్చిపోయినట్టుంది, పాపం ఎన్నని రాస్తది అని. నీకు చెప్పలె. చెప్తే నువ్వు బాధవడ్తవని.

అంటే నీ ఆటకు కూసునేసరికే నాకు తెల్సు. తెల్సినా చెయ్యి పోయింది. పొద్దుగాల పది బిందెలు మోసి, ఆ దూరం నడిసినంక చెయ్యి నా మాట వినలె, బాపు మాట విన్నది. నువ్వు రాసినా రాయకున్నా అది ఆడికే పోతుండె. గట్ల సూస్తే నీ తప్పేం లేదు.

గనీ నువ్వు రాయలే.

రెండు నెలలు ఇదొక్కటే నా తలకాయల తిరిగింది. ఒకరోజు కోపం, ఒకరోజు ఏం లేదు. ట్యాంకర్ కాడ నిలవడ్డప్పుడు ఎక్కువ కోపం. నువ్వు చెప్పకుంటే నాకు బతుకంత తెల్వకపోతుండె. మర్చిపోయినవనే అనుకుంటుంటి. ఎందుకు చెప్పినవే? నీ బరువు దించుకున్నవ్, నాకెత్తినవ్. పదకొండో బిందె.

అమ్మకు మొత్తం చెప్పిన. ఆమె మోకాలికి నూనె రాసుకుంట, "ఉత్తరం చింపి పారేసినవా?" అన్నది. లేదన్న. "మరింకేంది, జవాబు రాయి" అన్నది.

రాస్తున్న. నాకు యాష్టగుంది రసజ్ఞా, నీతోని కొట్లాడే ఓపిక గూడ లేదు. పరీక్షలున్నయి. నీకు గూడ ఉంటయి. అట్టపెట్టె మీద గడులు మల్ల గీసిన. నువ్వు గూడ ఏదన్న బోర్డు వేరే పెట్టు, ఎత్తులు ఉత్తరంల రాసుకుందం. తొందరేం లేదు, గడియారం లేదు, ఎవలు చెయ్యెత్తరు. తెల్లపావులు నాయి.

రాజు ముందటి బంటు, ఒక్క గడి.

బాపు రూల్స్ తోని ఆడుదం. బంటు ఒక్క గడే పోతది. కోట లేదు. రాజుకు గంతు ఉన్నది, ఆటకొక్కసారి. చెప్పిన. తర్వాత చెప్పలేదనకు.

ప్రవళిక